గబ్బిలాల చదువు

“గడప అవతలే నిలబడు. ఒళ్లో పసిది ఉంది,” అంది పెద్దమ్మ.

చెల్లెలి కూతురు మెట్టు మీదే ఆగిపోయింది. మాస్కు సర్దుకుంటూ పెద్దమ్మ ఒళ్లోని మనవరాలి వంక చూసింది.

“పాపకి ఒళ్లు వెచ్చబడలేదు కదా?”

“అలా గుడ్లప్పగించి చూడకు. దాని తల్లిని పొట్టన పెట్టుకున్నావు, చాలలేదా?”

గబ్బిలాల జన్యువులను అక్షరం అక్షరంగా చదవడం ఈ అమ్మాయి ఉద్యోగం. ప్రాణాలు తీసే వైరస్‌లను మోస్తూ కూడా అవి ఎందుకు జబ్బుపడవో తేల్చాలని ల్యాబులో ఏళ్లుగా కుస్తీ పడుతోంది. పోయిన నెల అలాంటి వైరసే ఈ ఇంట్లో పెదనాన్ననూ, కోడలినీ తీసుకుపోయింది. దాన్ని మోసుకొచ్చింది ఈ పిల్లేనని వీధి వీధంతా తీర్పు చెప్పేసింది.

“కూతురు పెద్ద డాక్టరవుతుందని మీ అమ్మ ఊరంతా డప్పు కొట్టింది. తీరా చూస్తే తలకిందులుగా వేలాడేదానికి జాతకం రాస్తోంది!” పెద్దమ్మ మూతి తిప్పింది. “మొన్న మా అందరి రక్తాలూ పీల్చుకుపోయారుగా, ఏం తేల్చారే మీ మేధావులు?”

అమ్మాయి తడబడింది. “ముందు గబ్బిలం సంగతి విను పెద్దమ్మా. దాని ఒళ్లు వైరస్‌తో యుద్ధానికి దిగదు, సర్దుకుపోతుంది. అందుకే దానికేం కాదు. పక్కవాళ్లకి మాత్రం అంటుతుంది.”

“ఛీ! తను గుండ్రాయిలా తిరుగుతూ పక్కవాళ్లని పాడెక్కించడమా? ఎంత పాపిష్టి జన్మ!”

“దానికి తెలియదు కదా.”

“తెలియకపోతే పాపం పోతుందా? నేనైతే నూతిలో దూకి చస్తాను.”

అమ్మాయి సంచిలోంచి సగం తీసిన రక్తపరీక్ష కాగితాన్ని మళ్లీ లోపలికి తోసేసింది. పెద్దమ్మ పాప బుగ్గ మీదకి వంగింది.

“వద్దు!” అమ్మాయి గడప దాటి వచ్చేసింది. “తెచ్చింది నేనే పెద్దమ్మా. నా బట్టలకి అంటుకొచ్చింది. నీకూ సోకిందేమోనని భయంగా ఉంది. పాపని దించి నాతో ఆసుపత్రికి రా. నయమయ్యేదాకా ఎవరినీ ముట్టుకోకు. నీ కాళ్లు పట్టుకుంటాను.”

“ఇన్నాళ్లకి నిజం కక్కావన్నమాట! నాకు జలుబైనా చేయలేదు గానీ, పసిదాని కోసం వస్తాను. మళ్లీ మా గడప తొక్కావంటే చీపురు తిరగేస్తాను.”

పాపను ఉయ్యాలలో వేసి, చూసుకోమని కొడుకుకి కేకేసి, వీధిలో అందరికీ వినబడేలా శాపనార్థాలు పెడుతూ వాకిట్లో ఆగి ఉన్న అంబులెన్సు ఎక్కింది పెద్దమ్మ. అమ్మాయి తల దించుకుని పక్కనే కూర్చుంది.

పెదనాన్నకీ, కోడలికీ జ్వరం అంటించింది పెద్దమ్మే.