ఆయన చొక్కా దుమ్ము

ఈ నెల నుంచి రేషన్ షాపులో బియ్యం తీసుకోవాలంటే ఊపిరి మిషన్లోకి ఊదాలి. ఊపిరితిత్తుల్లో ఏ దుమ్ముందో, అది ఎవరి బట్టల నుంచి వచ్చిందో మిషను అందరికీ వినపడేలా చెప్పేస్తుంది.

నాది శుభ్రంగా ఉందంది. నా వెనకే వీధి చివరి వరాలు ఊదింది.

"ఆస్బెస్టాస్ దుమ్ము. సింహాద్రి చొక్కాది."

సింహాద్రి నా మొగుడు. పాత ఆస్బెస్టాస్ రేకులు ఊడదీసే పని ఆయనది. లైనంతా నావైపు తిరిగింది. వరాలు మాత్రం సిగ్గుపడుతూ నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇంటికొచ్చి నిలదీశాను. "నీ చొక్కా దుమ్ము దాని ఊపిరిలోకెలా పోయింది?"

ఆయన తల దించుకున్నాడు. "పనిబట్టలు కంపెనీలోనే ఉతుకుతారని నీకు అబద్ధం చెప్పాను. ఎనిమిదేళ్లుగా వరాలే దులిపి ఉతుకుతోంది. నాకెలాగూ తప్పదు, నీకైనా ఆ దుమ్ము అంటకూడదని..."

"అంటితే ఊపిరితిత్తులు పాడైపోతాయని దానికి చెప్పావా?"

ఆయన లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు.

వరాలింటికి పరిగెత్తాను. దగ్గుతూనే ఆయన చొక్కా తీగ మీద ఆరేస్తోంది.

"కుళ్ళుకోకు వదినా," అంది. "నీకివ్వకుండా నాకే ఇస్తున్నాడని ఇన్నేళ్లూ ఎంత మురిసిపోయానో!"