వెనుక సీటు అద్దం

మెకానిక్ మా పాత కారు పొగగొట్టం మూతిలో తడిగుడ్డ కుక్కి, ఇంజను స్టార్టు చేసి, గొట్టం పొడవునా సబ్బునీళ్లు పోశాడు. వెనుక సీటు కిందికి వచ్చేసరికి బుడగలు బుసబుస పొంగాయి.

"దొరికింది దొంగ! అతుకు విడిపోయింది మాస్టారూ. పైన ఫ్లోరు కూడా తుప్పు తినేసింది. పొగంతా లోపలికే. మీకు తెలియలేదా?"

"లేదే. నా అద్దం ఎప్పుడూ దించే ఉంటుంది. చెయ్యి చాపి సైగ చేయనిదే నేను మలుపు తిరగను."

"ఇంకా చేత్తోనా! ఇండికేటర్లేం పాపం చేశాయండీ?" అని నవ్వి, అంతలోనే నవ్వు ఆపాడు. "వెనుక ఎవరు కూర్చుంటారు?"

"మా ఆవిడ. చలిగాలి తగలకూడదని ఆమె వైపు అద్దం నేనే ఎత్తి ఉంచుతాను. రెండు నెలలుగా ఆసుపత్రికి తిప్పుతున్నాను."

అతను గొట్టం అతికించి, ఫ్లోరుకు రేకు బిగించాడు.

పని ముగిసేసరికి, షెడ్డు బయట బల్లమీద కూర్చున్న మా ఆవిడ లేచి, తూలకుండా నడిచి వచ్చింది.

"ఏమండీ, తల దిమ్ము వదిలింది. ఈ పూటకు ఆసుపత్రి మానేద్దామా?"

మొదట మేము వెళ్లింది జలుబుకే. ఇంటి దగ్గర ఆమె బాగానే కారెక్కేది. గంట ప్రయాణం తరువాత ఆసుపత్రి మెట్ల దగ్గర తూలేది, మాట తడబడేది. అది చూసి డాక్టరుగారు వారం వారం మాత్రలు పెంచారు.

ఒక్క వారమైనా తప్పించకుండా తీసుకువెళ్లినవాణ్ణి నేనే.