రెండోసారి అడగాలి

ఎదుటివాళ్ళ మనసులో మాట మనకి చెప్పేసే చెవిబిళ్ళలు ఇంటింటా అందరికీ తగిలించారు. ఇక అపార్థాలే ఉండవని డప్పు కొట్టారు. గొర్రెల్లా నమ్మాం.

గౌరీశ్వరి ఇంటికి, కూతురి సంబంధం మాట్లాడ్డానికి పెళ్ళికొడుకు తల్లి నూకాలమ్మ వచ్చింది.

“టిఫిన్ తినండి వదినా.”

“అబ్బే, తినీసే వచ్చాను.”

“ఆకలిగా ఉంది, మూడు దోసెలు కావాలి,” అంది గౌరీశ్వరి చెవిలో బిళ్ళ. ఆమె మారు మాట్లాడకుండా మూడు దోసెలు తెచ్చి ముందు పెట్టింది.

నూకాలమ్మ ముఖం మాడిపోయింది. “తిండికి మొహం వాచి వచ్చాననుకున్నారా? రెండోసారైనా అడగరా? ఈ సంబంధం మాకొద్దు!” అని లేచింది. ‘ఆవిడ ప్రేమగానే పెట్టింది’ అని తన చెవిలో బిళ్ళ మొత్తుకున్నా వినలేదు. గదిలో పెళ్ళికూతురు ఏడుపందుకుంది.

బిళ్ళ చెప్పింది నిజమే. మరి తప్పెక్కడ జరిగింది? గౌరీశ్వరి ఒక్క క్షణం ఆలోచించి, బిళ్ళ పీకి కొంగున ముడేసి, గుమ్మానికి అడ్డం నిలబడింది.

“తినండి వదినా.”

“వద్దు.”

“నా మీద ఒట్టు.”

“ఒట్లెందుకు గానీ, సగం వెయ్యండి.”

“సగమేంటి, చంటిపిల్లలా!”

నూకాలమ్మ నవ్వాపుకుంటూ కూర్చుంది. “చాలు చాలు” అంటూనే మూడూ తినేసింది.

“ఇంకోటి కావాలట,” కొంగుముడిలోంచి గొణిగింది బిళ్ళ.

“తెలుసులేవే,” అని గౌరీశ్వరి గుసగుసలాడింది. “ముందు నన్ను అడగనీ.”