నిన్ఫా పోసిన గ్లాసు

మా పేటలో ముఠా నుంచి ప్రాణాలతో బయటపడే దారి ఒక్కటే: క్రీస్తును నమ్ముకోవడం. ఆ నమ్మకం నటనేనని తేలితే, ఒక్క గుక్క మందు తాగుతూ దొరికినా సరే, చంపేస్తారు. అందుకే ముఠా వదిలేసి బైబిలు చంకన పెట్టుకుని తిరిగే ఓస్మిన్‌ని ముఠావాళ్లు కనిపెట్టుకునే ఉంటారు.

ఆ మధ్యాహ్నం దారిన పోతున్న అతన్ని నిన్ఫా తన పుపూస రొట్టెల కొట్టులోకి పిలిచి, గ్లాసు నిండా బీరు పోసింది. ఎదురు గోడ దగ్గర ఇద్దరు సిగరెట్లు పారేసి నిటారుగా నిలబడ్డారు.

"తాగరా, ఎండన పడి వచ్చావు."

"మానేశానమ్మా."

"నువ్వు నా కొడుకుని చంపిన రోజు ఈ బల్ల దగ్గరే కూర్చుని తాగావు కదరా!"

ఓస్మిన్ తలెత్తలేదు. "నువ్వు తాగమంటే కాదనే నోరు నాకు లేదమ్మా."

గ్లాసెత్తాడు. గోడ దగ్గర ఒకడి చెయ్యి చొక్కా కిందికి పోయింది.

పెదవుల దాకా వచ్చిన గ్లాసును నిన్ఫా లాక్కుంది. పుట్టి బుద్ధెరిగి మందు ముట్టని మనిషి, ఆఖరి చుక్క దాకా తనే తాగేసింది.

"ఇవాళ్టికి క్షమించగలిగానురా," అంది మూతి తుడుచుకుంటూ. "రేపటి సంగతి చెప్పలేను. ఇటు రాకు."