కేలండర్లో ఒక్క మాట

"అమ్మా, కాలేజీ కేలండర్ సేసింది నువ్వేనా?"

కంప్యూటర్ ల్యాబ్ గుమ్మంలో ఎవరో ముసలాయన. చెప్పులు బయటే విడిచాడు.

హాసిని తల తిప్పలేదు.

కాలేజీ కార్యక్రమాలన్నీ తెర మీద ఒక రోజు ముందే చూపిస్తున్నాయి. బుధవారం సెమినార్ మంగళవారం కనిపిస్తోంది. ఎందుకో అంతుపట్టడం లేదు. ఆఫీసు వాళ్ళు తొందరపడి లింకు అప్పుడే అందరి ఫోన్లకీ పంపేశారు.

సోమవారం తనిఖీ బృందం వస్తుంది. ఆలోగా ఆన్‌లైన్ కేలండర్ సరిగ్గా పనిచేయకపోతే ప్రాజెక్టు మార్కులు వేయనని ప్రిన్సిపాల్ తేల్చి చెప్పేశాడు. మార్కుల్లేకపోతే డిగ్రీ ఆగుతుంది. డిగ్రీ ఆగితే విశాఖలో చేతికందిన ఉద్యోగం పోతుంది.

"నేనే తాతా. ఏటి కావాలి?"

"పద్నాలుగో తారీకు కాడ ఒక్క మాట తీసేయాలమ్మా. తప్పు పడింది."

"ఆఫీసులో చెప్పండి."

"ఆళ్ళే నీ కాడికి పంపేరు."

"అయితే రేపు రండి."

ఆయన తలూపి వెళ్ళిపోయాడు.

మర్నాడు మళ్ళీ వచ్చాడు. అప్పటికి హాసిని రెండు వందల కార్యక్రమాలూ మళ్ళీ ఎక్కించింది. మళ్ళీ ఒక రోజు ముందే చూపించాయి.

"తల్లీ, ఆ మాట..."

"ఏ మాట తాతా? బేగి చెప్పండి!"

ఆయన చుట్టూ ఉన్న పిల్లల వైపు చూసి గొంతు తగ్గించాడు.

"నా నోటితో సెప్పుకుంటే బాగోదమ్మా. నువ్వే ఓపాలి సదివి సూడు. మునుపు గోడ మీద కాయితం, ఎవులూ సూడలేదు. ఇప్పుడు అందరి ఫోన్లలోకీ వచ్చేసింది. మా ఇంటిది రెండ్రోజుల్నించి అన్నం ముట్టడం లేదు."

కేలండర్లో మాటకీ అన్నం మానేయడానికీ ఏం సంబంధమో ఆమెకు అర్థం కాలేదు. అడిగే ఓపిక కూడా లేదు.

"ఇక్కడ నా బతుకే పోతోంది! మీకు ఒక్క మాట గొడవ. వెళ్ళండి తాతా!"

శనివారం మధ్యాహ్నం హాసిని ల్యాబ్ మెట్ల మీద కూర్చుని ఏడ్చింది.

రెండు మెట్ల కింద ఎవరో కూర్చున్నారు. ఆయనే. ఈసారి మాట సంగతి ఎత్తలేదు.

"ఏటయ్యింది తల్లీ?"

"మొత్తం చెరిపేసి మొదట్నించి చెయ్యాలి. టైం లేదు. అయిపోయింది నా పని."

"మొదటికెందుకు? పరిగెడతా పడిపోయేవనుకో, మళ్ళీ బయల్దేరిన గీత కాడికి ఎల్లిపోతావా? పడ్డ సోటే లెగుత్తావు. నీకు ఎక్కడ తడబడిందో అక్కడే సూడు."

కేంటీన్ నుంచి టీ తెచ్చి పక్కన పెట్టాడు. ఆమె తాగేదాకా కదల్లేదు.

హాసిని కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళింది. ఏదీ చెరపలేదు. తను కొట్టిన తేదీ తెర మీదకి వచ్చేలోపు ఎక్కడ మారుతోందో అదొక్కటే వెతికింది.

దొరికింది. సర్వర్ గడియారం ఇంకేదో దేశం టైం చూపిస్తోంది.

ప్రోగ్రాంలో ఒక్క వరుస మార్చింది. రెండు వందల కార్యక్రమాలూ తమ తమ రోజుల్లోకి వచ్చి కూర్చున్నాయి.

"తాతా!" అంటూ బయటికి పరిగెత్తింది.

మెట్ల మీద ఎవరూ లేరు.

సోమవారం తనిఖీ గట్టెక్కింది. మార్కులు పడ్డాయి. ఆ సందడిలో ముసలాయన సంగతే మరిచిపోయింది.

పద్నాలుగో తారీకున కాలేజీ గ్రౌండులో ఏటా జరిగే పరుగు పందెం. ఫోటోలు తీసి కేలండర్లో పెట్టడానికి హాసిని వెళ్ళింది.

బల్ల మీద దండ వేసిన ఫోటో ఉంది.

ఆయనే.

"సార్, ఈయన..." అంటూ ఫోటో వైపు చెయ్యి చూపించింది.

"ఎర్రయ్యగారమ్మా. పరుగులో మన కాలేజీకి మొదటి స్టేట్ మెడల్ తెచ్చింది ఈయనే. ఈ పందెం ఆయన పేరు మీదే కదా" అన్నాడు గేమ్స్ మాస్టారు. తర్వాత ఇబ్బందిగా నేల చూశాడు. "ఎప్పుడో పోయేరని ఎవరో అంటే నమ్మి, పన్నెండేళ్ళుగా ఇలాగే జరిపించేస్తున్నాం. ఇక్కడే తుమ్మపాలలో ఉన్నారట. మొన్న గురువారం పోయేరు. ఇంటివాళ్ళు వచ్చి ఈ ఫోటో ఇస్తే గానీ మాకు తెలీలేదు."

హాసిని ఫోన్లో కేలండర్ తెరిచింది.

పద్నాలుగో తారీకు పక్కన 'స్వర్గీయ ఎర్రయ్య పరుగు పందెం' అని ఉంది. ఆయన బతికుండగా వచ్చి తీసేయమన్న ఆ మొదటి మాట ఇప్పుడు తప్పు కాదు.