ఒక్క ఏడుపు

"నీకు బాబు పుట్టాడు నాయనా! కానీ ఇంకా ఏడవలేదు." ఫోన్లో వదిన గాబరాగా అంది. "డాక్టరమ్మ వీపు తడుతోంది. లైన్లోనే ఉండు."

ఓడ ఇంజనీరు ఫోన్ చెవికి అదుముకుని కెప్టెన్ దగ్గరికి పరుగెత్తాడు. వెనక తీరం సన్నబడిపోతోంది. అది కనుమరుగైతే సిగ్నల్ ఉండదు.

"సార్, కాస్త వేగం తగ్గించండి. బిడ్డ ఏడుపు వినేదాకా చాలు!"

"ఇరుకు దారిలో ఉన్నామయ్యా. వెనక ఓడలు వరసగా వస్తున్నాయి. తగ్గిస్తే మీదకొచ్చి పడతాయి."

"వదినా, ఏడ్చాడా?"

"ఉండవయ్యా, కాళ్లు కదిపాడు... ఇదిగో, నోరు తెరిచాడు..."

ఫోన్ మూగబోయింది. "వదినా, వదినా" అని ఎంత పిలిచినా పలకలేదు.

కెప్టెన్ అతని భుజం మీద చెయ్యేశాడు. ఓదార్చబోయి, "నువ్వు బాగుచేశాక ఇంజను చూడు, ఒక్క దగ్గు కూడా లేదు" అన్నాడు.

కాళ్ల కింద ఇంజను హాయిగా నడుస్తోంది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రోజూ "ఆగకే తల్లీ" అని దానికి మొక్కినవాడు, ఇవాళ మొదటిసారి "ఆగవే తల్లీ" అని మొక్కాడు.

ఆ తల్లి పాత మొక్కునే ఆలకించింది.