థిన్నర్ సీసా

"'నీ తప్పేం లేదురా' అని నిన్న అన్నావు చూడు, ఆ మాట ఇంకోసారి అనకన్నా," అన్నాను కోర్టు వరండాలో.

రంగులేసేవాళ్ళం రంగు పల్చన చేసే థిన్నర్‌ని ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలో పోసుకుంటాం. తాగేది కాదని తెలియడానికి సీసా మెడకి గుడ్డపేలిక కడతాం. ఆ రోజు పేలిక విప్పి చేతులు తుడుచుకున్నాను. మళ్ళీ కట్టలేదు. నాలుగేళ్ల పిల్లాడు దాహమేసి తాగేశాడు. ఆసుపత్రికి చేరేలోపే పోయాడు.

"కట్టానని చెప్పరా. నీ నోటి ముత్యాలేం రాలిపోవు."

"జాగ్రత్తపడాల్సింది ఎవరు, పడ్డారా, పడకపోబట్టే ఇలా జరిగిందా అని అడుగుతారట. అన్నింటికీ నా దగ్గర ఒక్కటే జవాబు, పేలిక నేను కట్టలేదని."

"ఓహో! బడి ఎగ్గొట్టినోడికి చట్టం వచ్చేసిందే! రంగులేసే చోటికి పిల్లాణ్ణి పంపిన తండ్రికుండాలి బుద్ధి. తప్పు వాడిది."

"పిల్లాణ్ణి నా బండెక్కించి పంపింది నువ్వే కదన్నా."

అన్న నా చొక్కా కాలరు సరిచేశాడు.

"అందుకే చెప్తున్నా. కొడుకు ఎలాగూ తిరిగిరాడు. తమ్ముణ్ణయినా మిగలనీరా."

లోపల నా కేసు పిలిచారు.

"వెళ్లాలన్నా," అన్నాను.